పుణ్యవతి పేరు మీద

“పుణ్యవతి గారూ, మీకున్నది భయం మాత్రమే. మనసు విప్పి మాట్లాడుకునే గదిలో రేపు పదకొండు గంటలకు ఒకరు మీకోసం ఎదురుచూస్తుంటారు. చీటీ తీసుకోండి,” అంది యంత్రం.

నీలంపేట బస్టాండులో ఆ యంత్రం ఎదుట పుణ్యవతి నిలబడడం అది ఏడోసారి. ఏడుసార్లూ అదే తియ్యటి గొంతు, అదే చీటీ. ఎడమ రొమ్ములో, చంకవైపు, శనగగింజంత గడ్డ చేతికి తగిలి రెండు నెలలు దాటింది. ఇప్పుడది రేగుపండంత అయింది. ముప్పయ్యేళ్లు ఆశా కార్యకర్తగా వీధి వీధీ తిరిగి, ఇలాంటి గడ్డ కనపడితే ఒక్కరోజు కూడా ఆగొద్దని ఆడవాళ్లకు చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషి ఆవిడ. అదేమై ఉండొచ్చో ఆవిడకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అందుకే కాలు ఒకచోట నిలవడం లేదు.

“భయం కాదమ్మా, గడ్డ,” అంది మళ్లీ, యంత్రానికి మూతి ఆనేంత దగ్గరగా వంగి. “చేత్తో పట్టుకుంటే దొరుకుతున్నాది. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే నాకు నచ్చట్లేదు.”

“మీ మాట విన్నాను, పుణ్యవతి గారూ. మీకున్నది భయం మాత్రమే.”

“బేగి కానీ పిన్నీ, బస్సెల్లిపోతాది!” అని వెనక వరసలోంచి ఎవరో కేకేశారు.

పుణ్యవతి ఏడో చీటీని కూడా మడిచి సంచిలో మిగతా ఆరింటి పక్కన పెట్టుకుంది. సర్కారు కాగితం చింపడం ఆవిడకు చేతకాదు.

ఆ యంత్రం పేరు ఆరా. వచ్చి నాలుగేళ్లయింది. అది రాకముందు నీలంపేటలో మనిషికి సగం ప్రాణం జబ్బుతో పోయేది, మిగతా సగం ఏ ఆసుపత్రికి వెళ్లాలో తెలియక పోయేది. కుక్క కరిచినవాణ్ని ఒకచోటికి తీసుకెళితే మందు నిండుకుందనేవారు. రెండోచోట మందుంది గాని నర్సు సెలవనేవారు. మూడోచోటికి చేరేసరికి తాళం. ఆరా ఈ తిరుగుడంతా ఒక్కసారిగా మాన్పించింది. చూడ్డానికి నిలువెత్తు ఇనప స్తంభం. మనిషి మూతి ఎత్తులో మాట వినే జల్లెడ, దాని కింద చీటీ వచ్చే సందు, నెత్తిన ఒక దీపం. అంతే. చుట్టూ యాభై కిలోమీటర్లలో ఏ డాక్టరు ఈ నిమిషాన కుర్చీలో ఉన్నాడో, ఏ ఫ్రిజ్‌లో పాముకాటు మందు ఎన్ని సీసాలుందో, ఏ స్కానింగ్ మిషను పాడైందో, ఏ వార్డులో మంచం ఖాళీ అయిందో దానికి క్షణక్షణమూ తెలుసు. మీరు పేరు, ఇంటి నంబరు చెప్పి, బాధ చెప్పుకుంటే చాలు. ఎక్కడికి, ఎన్నింటికి వెళ్లాలో చీటీ చేతికొస్తుంది.

చీటీ మీద పేరుండదు. ఒక అంకె ఉంటుంది. మీ జబ్బు మీ గుట్టు గనక డాక్టరుకు కూడా ఆ అంకె తప్ప ఏమీ తెలియదు. వేలిముద్రలూ మొహం ఫోటోలూ అసలే లేవు. జనం వాటికి జడుస్తారని తయారు చేసినవాళ్లే వద్దనుకున్నారు. చెప్పిన మాట నమ్మడమే ఆరా పద్ధతి. చీటీ లేనిదే సర్కారు ఆసుపత్రి గాని సొంత ఆసుపత్రి గాని గుమ్మం ఎక్కనివ్వకూడదని చట్టం కూడా వచ్చింది. నెత్తురు కారుతున్నా, పాము కరిచినా, పురిటి నొప్పులొచ్చినా తప్ప.

ఇంత మంచి యంత్రంలో ఒక్కటే చిక్కు. దాన్నీ మంచి మనసుతోనే పెట్టారు. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే తక్కినవాళ్లు కనిపెట్టుకుని ఉండాలని, చీటీ ఇచ్చిన ప్రతిసారీ ఆరా ఆ ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటికీ కబురు పంపుతుంది. పైకే చెబుతుంది, చదువురానివాళ్లు కూడా వినాలి గదా. పొద్దున కోడలు చీటీ తీసుకుంటే మధ్యాహ్నం అన్నాలవేళకు అత్తగారి ఫోను, “మీ కోడలు గారికి మనోవ్యాధి చికిత్స మొదలైంది, ఆప్యాయంగా చూసుకోండి,” అంటుంది. ఆ అత్తగారు ఎంత ఆప్యాయంగా చూసుకుంటుందో యంత్రం తయారు చేసినవాళ్లకు తెలియకపోవచ్చు గాని నీలంపేటకు బాగా తెలుసు.

అందుకని నీలంపేట ఏ గొడవా పెట్టుకోకుండా, మొదట్నించీ చేస్తున్న పనే చేసింది. జబ్బు పుణ్యవతి పేరు మీద రాయించింది.

ఇది కొత్తది కాదు. ఆరా ఊసే లేని రోజుల్లో, వీధిలో ఏ పిల్లకైనా క్షయ మాత్రలు కావలసివచ్చి తల్లి కొంగు నోట్లో కుక్కుకుంటే, పుణ్యవతి రిజిస్టరు తీసి, “నా పేరు రాసుకుంటానులే,” అనేది. ఆవిడ భర్త పోయి ఇరవయ్యేళ్లు. పిల్లల్లేరు. పెళ్లి చూపులకు వచ్చేవాళ్లెవరూ లేరు. తన పేరుకు ఎన్ని జబ్బులు అంటితే మాత్రం తనకేం పోయింది? ఆరా వచ్చాక కూడా అదే మాట అంది. “నాలుగు బై పదిహేడు, బోనెల పుణ్యవతి అని సెప్పీండి. మా ఇంట్లో ఫోను ఒక్కటే, అదేటి వాగినా ఇనేది నానొక్కద్దాన్నే.” ఆ ఫోను పొద్దస్తమానం వాగేది. కూర తరుగుతుంటే పైల్సు, బట్టలారేస్తుంటే మూర్ఛ. పుణ్యవతి నవ్వుకునేది. ఎవరి మాత్రలు ఎంతవరకు వచ్చాయో మనసులోనే లెక్క పెట్టుకుని, వాళ్లు మరిచిపోతే గుమ్మం ముందు నిలబడి గుర్తు చేసేది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు.

*

ఆరా కేంద్రం ఊరి చివర పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి భవనంలో ఉంది. అక్కడి సైంటిస్టు డాక్టర్ చైత్రకు ముప్పయ్యారేళ్లు. ఆరాకు మాట నేర్పినవాళ్లలో ఒకరు. మనిషి నెమ్మది. కళ్ల కింద మాత్రం నిద్రలేని నలుపు.

పుణ్యవతి ఏడు చీటీలూ బల్ల మీద పరిచింది. చైత్ర తెర మీద ఏదో చూసి, ముందుకు వంగి, మళ్లీ చూసింది.

“పుణ్యవతి గారూ, మీరు నాలుగేళ్లలో రెండువందల పన్నెండు సార్లు బాధ చెప్పుకున్నారు.”

“అయ్యుంటుందమ్మా.”

“మీ బరువు ఒకసారి ముప్పయ్యెనిమిది కిలోలు, పక్క వారం తొంభై ఒకటి. రక్తం అయిదు రకాలు. నాలుగుసార్లు గర్భం. నిరుడు వేసవిలో ప్రొస్టేటు వాపు.”

“అది మగవాళ్లకి గదమ్మా వచ్చేది?”

“అదే నేనూ అంటున్నాను.”

చైత్ర తెరను ఆవిడ వైపు తిప్పింది. తర్వాత చైత్ర, పిల్లలకు పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పింది. ప్రతి మనిషికీ ఆరా దగ్గర నమ్మకం అంకె అని ఒకటి ఉంటుంది. మనిషి చెప్పినదీ డాక్టరు చూసినదీ కలిస్తే అది పెరుగుతుంది, కలవకపోతే తరుగుతుంది. లేని జబ్బులు చెప్పి ఉన్నవాళ్ల వంతు ఎవరూ కొట్టేయకూడదని ఈ ఏర్పాటు. క్షయ అన్న మనిషిలో ఒకసారి క్షయ, ఇంకోసారి నిక్షేపంలాంటి ఊపిరితిత్తులు కనపడితే పాపం యంత్రం ఏమనుకుంటుంది?

“రాష్ట్రం మొత్తం మీద అతి తక్కువ నమ్మకం అంకె మీది,” అంది చైత్ర. “నడుస్తున్న చికిత్సలు అనుమానం కొద్దీ మధ్యలో ఆపదు, అది నియమం. గర్భం, పాముకాటు, నెత్తురు, ఈ మూడింటిలో ఎవరినీ అనుమానించదు. ఆ నియమం నేనే రాశాను. ఇంక మీరు కొత్తగా ఏం చెప్పినా భయం కిందే జమ వేస్తుంది.”

“మీరొక చీటీ చేత్తో రాసియ్యండమ్మా. కళ్లారా చూడండి, నిజంగా ఉంది.” పుణ్యవతి చెయ్యి జాకెట్టు మీదకు పోయింది.

“మీరు చెబుతుంటేనే తెలుస్తోంది. కాని రాయలేను. చేత్తో చీటీలు రాసిన రోజుల్లో అవి ఎవరికి దొరికేవో మీకు నాకంటే బాగా తెలుసు. అందుకే ఆ దారి మేమే మూసేశాం.” చైత్ర గొంతు తగ్గించింది. “రెండే మార్గాలు. ఒకటి, మీ రికార్డు మొత్తం తుడిచేయడం. కాని మీ పేరు మీద ఇప్పుడు ముప్పయ్యొక్క చికిత్సలు నడుస్తున్నాయి. తుడిచిన రోజే ఆ మందులు ఆగిపోతాయి. రెండోది, ఏ జబ్బు ఎవరిదో మీరు చెప్పండి. ఒక్క పూటలో విడదీసి ఎవరివి వాళ్ల పేర్లకు ఎక్కించేస్తాను. మీ పేరు కడిగినట్టవుతుంది. సాయంత్రానికి మీకు చీటీ వస్తుంది.”

“ఎక్కిస్తే వాళ్లిళ్లలో ఫోన్లు పైకి చెబుతాయి గదా?”

“చెబుతాయి. అది మార్చాలంటే రాజధానిలో కమిటీ కూర్చోవాలి. ఎనిమిది నెలలు పడుతుంది.”

ఎనిమిది నెలలు. పుణ్యవతి గోడ మీది క్యాలెండరు వైపు చూసి చూపు తిప్పేసుకుంది. ఆ ముప్పయ్యొక్క మందీ కళ్ల ముందు వరసగా కదిలారు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా ఈ ముప్పయ్యేళ్లలో ఆవిడ నోట్లోంచి రాలేదు, పక్కింటి మనిషికి గాని, పూజ చేసుకునేటప్పుడు దేవుడికి గాని.

“నాను సెప్పలేనమ్మా,” అంది లేస్తూ. సైంటిస్టు ముందు పట్టుకున్న మర్యాద భాష కాస్తా ఆ ఒక్క మాటలో జారిపోయింది.

*

చెప్పలేదు గాని ఊరుకోలేదు. ఎవరిది వాళ్లే వచ్చి చెప్పుకుంటే మాట తప్పినట్టు కాదు గదా అనుకుని, ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగింది. పొద్దున కాఫీ తాగి బయల్దేరితే ఎండ నెత్తికెక్కినా ఇంటికి వెళ్లబుద్ధయ్యేది కాదు. కూర్చుంటే చెయ్యి గడ్డ మీదకే పోతోంది. నడుస్తుంటే కాస్త నయం.

రేషన్ డిపో సూర్నారాయణకు క్షయ, నాలుగో నెల మాత్రలు. ఆవిడ చెప్పింది విని చేతిలో ఉన్న కాటా కింద పెట్టాడు. “పుణ్యవతమ్మా, నీకన్యాయం సేస్తానా? కానీ నాకు క్షయని తెలిస్తే నా సేతి బియ్యం ఎవలట్టుకెల్తారు సెప్పు? రెండు నెల్లు ఆగు. మాత్రలైపోతాయి.” కళ్లనిండా నీళ్లు పెట్టుకుని మరీ అన్నాడు. ఆ నీళ్లు నిజమైనవే.

తాగుడు మానడానికి మాత్రలు వాడుతున్న లెక్కల మాస్టారు, వచ్చే నెలలో పిల్లల పరీక్షలైపోగానే తప్పకుండా అన్నాడు. మనసు బాగులేక మాత్రలు వేసుకుంటున్న చేపలవీధి కోడలు వంటింటివైపు ఒకసారి చూసి, పుణ్యవతి రెండు చేతులూ పట్టుకుంది. అంతే, ఆవిడ అడగడం మానేసి, మాత్రలు వేళకు వేసుకుంటున్నావా అని అడిగి వచ్చేసింది.

ఏడో ఇంటి దగ్గర కోపం వచ్చింది. వాళ్ల మీద కాదు, తన మీద. ఇన్నేళ్లూ అందరికీ నీడ పట్టానని మురిసిపోయింది. ఆ నీడలో కూర్చుని ఒక్కడూ తన జబ్బు పేరు పైకి పలకడం నేర్చుకోలేదు. నేర్పాల్సింది తనే. నేర్పకుండా తన పేరు చేతిలో పెట్టి పంపింది. మునిసిపల్ కుళాయి దగ్గర నిలబడి మొహం కడుక్కుంటూ ఏడ్చింది. చచ్చిపోతానేమోనని గట్టిగా భయం వేసింది. యంత్రం చెప్పిన భయం ఇన్నాళ్లకు నిజంగా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఝాన్సీ వచ్చింది. రొయ్యల కంపెనీలో చల్లగదిలో పని చేస్తుంది, ఇరవైనాలుగేళ్లు. మొగుడు వేట పడవ మీద గుజరాత్ వెళ్లి ఎనిమిది నెలలకోసారి వస్తాడు. ఇంట్లో అత్త నూకాలమ్మ. ఎనిమిదేళ్ల కిందట క్షయ వస్తే ఆరు నెలల మాత్రలూ పుణ్యవతి పేరు మీద మింగి బతికిన పిల్ల.

“ఊరంతా తిరిగినావట. మా ఇంటికెందుకు రాలేదు?”

“నీదిప్పుడేటీ లేదు గదే. ఎప్పుడో అయిపోయింది.”

“నాదేటీ లేదు గాబట్టే రావాల,” అంది ఝాన్సీ. “నాకు జొరమొచ్చినా నీ పేరే సెప్పీదాన్ని. నా పేరు మీద ఒక తలనొప్పి కూడా లేదు. నీ గడ్డ నా పేరు మీద రాయించేద్దాం.”

“పిచ్చిదానా! కేన్సరైతేనో? మీయత్త ఫోను సెప్పదేటి? కంపెనీలో తెలిస్తేనో?”

“అయితే నాకు కేన్సరంటారు. పదారేళ్లప్పుడు నాకు క్షయంటారని సచ్చేంత బయమేసింది పిన్నీ. నీకెయ్యలేదు. ఇప్పుడు నాకెయ్యట్లేదు. నెగు.”

పుణ్యవతి లేవలేదు. చెయ్యి పట్టుకుని లేపాల్సి వచ్చింది.

యంత్రం ముందు ఇద్దరూ నిలబడ్డారు. పుణ్యవతి చెవిలో చెబుతుంటే ఝాన్సీ పైకి చెప్పింది. ఎడమవైపు, చంక దగ్గర, కదలడం లేదు, నొప్పి లేదు. నెత్తిన దీపం పచ్చగా వెలిగింది.

“ఝాన్సీ గారూ, మీరు ఇంతవరకు ఒక్కసారి కూడా బాధ చెప్పుకోలేదు. అలాంటి మీరు చెబుతున్నారంటే తేలిగ్గా తీసుకోకూడదు. ఈ మధ్యాహ్నం రెండు గంటలకు జిల్లా ఆసుపత్రిలో స్కానింగు. ఆలస్యం చేయకండి.”

రెండు నెలలు ఏడుసార్లు బతిమాలినా రానిది ఒక్క నిమిషంలో వచ్చింది. పుణ్యవతి ఆ చీటీని రెండు చేతులా పట్టుకుని, ప్రసాదంలాగా కళ్లకద్దుకుంది.

*

కేన్సరే. కాని ఇంకా పాకలేదు, సరైన వేళకే వచ్చారన్నాడు డాక్టరు. చీటీ మీద అంకె తప్ప ఏమీ లేదు గనక ఆయన ఎదుట ఉన్న మనిషికి ఆపరేషన్ చేశాడు. ఆ తర్వాత మూడు వారాలకోసారి, ఆరు దఫాలు సెలైనులో మందు ఎక్కించాలన్నాడు.

స్కానింగు కబురును కంపెనీలో అందరికీ చేయించే పరీక్షని చెప్పి ఝాన్సీ దాటేసింది గాని, ఆపరేషన్ అయిన రోజు మధ్యాహ్నం నూకాలమ్మ అన్నం కలుపుకుంటుంటే ఆవిడ ఫోను, “మీ కోడలు ఝాన్సీ గారికి కేన్సరు ఆపరేషన్ విజయవంతమైంది, ధైర్యం చెప్పండి,” అంది. ఝాన్సీ ఎదురుగా పీట మీద కూర్చుని చేపముల్లు తీసుకుంటోంది. ఆవిడ కోడలి మొహం చూసింది, ఫోను చూసింది, గుండెలు బాదుకుంటూ వీధిలోకి పరుగెత్తింది. గంటలో వీధంతా వచ్చింది. కాదంటే పుణ్యవతి సంగతి బయటపడుతుంది. ఝాన్సీ తలవంచుకుని కూర్చుంది. అంత పెద్ద ఆపరేషన్ చేయించుకుని అదే పూట ఇంటికొచ్చి చేపలపులుసు తింటున్న పిల్ల గుండెధైర్యానికి అందరూ ముక్కున వేలేసుకున్నారు.

కంపెనీ వాళ్లు జాలిపడి చల్లగదిలోంచి తీసి స్టిక్కర్లంటించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆపరేషన్ జరగలేదని తెలియకుండా ఝాన్సీ పైట నిండుగా కప్పుకునేట్టు చీర కట్టు మారిస్తే వీధి గుసగుసలాడింది. రెండో దఫాకు పుణ్యవతి జుట్టు పిడికిళ్లకొద్దీ ఊడింది. సింహాచలం వెళ్లి గుండు చేయించుకొచ్చింది. ఝాన్సీ తన పొడుగాటి జడను చుట్టి రుమాలు కట్టేసుకుంది. ఇంకేముంది, ఆ పిల్ల బతకాలని పుణ్యవతి తల నీలాలు మొక్కుకుందని ఊరు తేల్చేసింది. “ఎంత మనసే తల్లీ నీది,” అని వీధి అరుగు మీద ఆపి దండం పెట్టినవాళ్లున్నారు. ఆ దండాలు పుచ్చుకోలేక పుణ్యవతి సందుల వెంట తిరిగేది.

రెండో దఫా అయిన పది రోజులకు ఝాన్సీ సందు చివర ఎదురైంది. మొహం పాలిపోయి ఉంది.

“పిన్నీ, నాకు నెల తప్పినాది.”

ఆపరేషన్ కబురు విని పరుగెత్తుకొచ్చిన మొగుడు, గుట్టు తెలుసుకుని తిరిగి వెళ్లి అయిదు వారాలయింది. పుణ్యవతికి ముందు సంతోషం వచ్చింది, దాని వెనకే ఝాన్సీ పేరు మీద ఇంకా ఎక్కాల్సిన మందు గుర్తొచ్చింది. ఇద్దరూ తిన్నగా టెలిఫోన్ ఎక్స్ఛేంజి భవనానికి వెళ్లారు. ఇరవైనాలుగేళ్ల పిల్ల పేరు మీద యాభై రెండేళ్ల మనిషి రక్తపరీక్షలు వస్తున్న సంగతి చైత్ర అప్పటికే కనిపెట్టింది. పైవాళ్లకు చెప్పకుండా ఊరుకుంది. వాళ్లను చూడగానే లేచి తలుపు మూసింది.

“ఝాన్సీ తన పేరు మీద గర్భం అని చెబితే ఆరా నమ్ముతుంది,” అంది విని. “నమ్మిన మరుక్షణం కేన్సరు మందు ఆపేస్తుంది. మామూలు మాత్రల జోలికి పోదు గాని, ఆ మందు కడుపులో బిడ్డకు చేటు. అది దాని తప్పు కాదు. ఏ డాక్టరయినా అదే చేస్తాడు.”

“ఆపితే పిన్నికేటవుద్ది?”

“ఇంకా నాలుగు దఫాలున్నాయి. మధ్యలో ఆపకూడదు.”

“అయితే సెప్పను. ఆస్పత్రికెల్లను. మా అమ్మమ్మ కాలంలో యంత్రాలున్నాయేటి?”

“నోర్ముయ్,” అంది పుణ్యవతి. ముప్పయ్యేళ్లలో ఆవిడ ఎన్ని కాన్పులు చూసిందో, చీటీలేని కడుపులు ఎన్ని ఎలా ముగిశాయో ఆవిడకు తెలుసు. “తొలి కాన్పు. రక్తం సూడాల, బీపీ సూడాల, స్కానింగులు తియ్యాల. సెప్పకపోవడమేటి?”

చైత్ర వైపు తిరిగింది. “గర్భమంటే ఎవరినీ అనుమానించదన్నారు గదా మీ యంత్రం?”

చైత్ర కాసేపు ఆవిడ గుండు వైపే చూసింది. “అనుమానించదు,” అంది చివరికి. “ఆ నియమం రాసింది నేనే.”

ఆ సాయంత్రం బస్టాండులో, వరసలో అందరి ముందూ, యాభై రెండేళ్ల బోనెల పుణ్యవతి తల మీద కొంగు సవరించుకుని యంత్రంతో, “నాకు నెల తప్పింది,” అంది. వెనకాల ఎవరూ నవ్వలేదు. ఎవరి కడుపో అనుకుని నేల చూశారు. పచ్చదీపం వెలిగింది.

“శుభాకాంక్షలు, పుణ్యవతి గారూ. ఇది మీకు అయిదో గర్భం. రేపు పది గంటలకు ప్రసూతి డాక్టరు మీకోసం ఎదురుచూస్తుంటారు.”

నూకాలమ్మకు నిజం చెప్పక తప్పలేదు. ఆవిడ విని రెండు రోజులు పుణ్యవతి ఇంటివైపు నడవడమే మానేసింది. మూడోరోజు పుణ్యవతి గుమ్మంలో గంజి గిన్నె పెట్టి వెళ్లింది. అప్పట్నుంచి ఝాన్సీ పుణ్యవతి చీటీతో ప్రసూతి డాక్టరు దగ్గరికి, పుణ్యవతి ఝాన్సీ చీటీతో కేన్సరు డాక్టరు దగ్గరికి ఒకే బస్సులో వెళ్లొచ్చేవారు. నాలుగు దఫాలూ పూర్తయ్యాయి. కేన్సరు జాడ లేదని డాక్టరు చెప్పిన రోజు పుణ్యవతి బస్సులో ఝాన్సీ భుజం మీద తల పెట్టి ఇంటిదాకా నిద్రపోయింది.

ఆ నెలల్లోనే ఒక మధ్యాహ్నం పుణ్యవతి ఫోను, “భయం వల్ల వచ్చిన నిద్రలేమికి మీ మాత్రలు సిద్ధంగా ఉన్నాయి,” అంది. తన పేరు మీద నడుస్తున్నవన్నీ ఎవరివో ఆవిడకు కంఠతా వచ్చు. ఈ ఒక్కటి లెక్కలో లేదు. రెండు రోజులు తల బద్దలుకొట్టుకుంది. తర్వాత ఏదో పని మీద ఆరా కేంద్రానికి వెళితే చైత్ర తలెత్తి చూడలేదు. కళ్ల కింద నలుపు మాత్రం కాస్త తగ్గింది. పుణ్యవతి వెళ్లేముందు, ఆ మాత్రలు ఖాళీ కడుపుతో వేసుకోకూడదమ్మా అని గోడకు చెప్పినట్టు చెప్పి వచ్చేసింది.

ఝాన్సీకి ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు, నల్లగా నిగనిగలాడుతూ. పురిటిమంచం పక్కన కూర్చున్న పుణ్యవతి ఫోను వెంటనే నోరు విప్పింది.

“పుణ్యవతి గారూ, అభినందనలు. మీకు ఆడపిల్ల. మీరు చెప్పినదీ డాక్టరు చూసినదీ కలిశాయి. మీ నమ్మకం అంకె పెరిగింది. ఇకమీదట మీ మాట నమ్ముతాను.”

ఝాన్సీ పురిటి నొప్పి మరిచిపోయి పొట్ట పట్టుకుని నవ్వింది. పుణ్యవతి కూడా నవ్వింది గాని ఆ నవ్వు మధ్యలో ఏడుపైపోయింది. ప్రాణం మీదికొచ్చి నిజం చెబితే ఏడుసార్లు భయమంది. యాభై రెండేళ్లకు కడుపన్న అబద్ధానికి మాత్రం చేతులు జోడిస్తోంది.

నర్సు వచ్చి పుట్టిన కార్డు ఇచ్చి వెళ్లింది. తల్లి పేరు దగ్గర బోనెల పుణ్యవతి అని ఉంది. ఝాన్సీ దాన్ని వేలితో ఒకసారి నిమిరి పుణ్యవతి ఒళ్లో పెట్టింది. బిడ్డ పేరు ఆ పూటే ఆరాకు చెప్పాలి. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసగా ఒక పేరు అనుకుని, ఫోనులో చెప్పేశారు.

అంతలో రేషన్ డిపో సూర్నారాయణ అరటిపళ్ల అత్తం పట్టుకుని వచ్చాడు. క్షయ ఎప్పుడో తగ్గిపోయింది. ఒళ్లు చేశాడు. బిడ్డను చూసి, మీసాలు కొరుక్కుని, అటూ ఇటూ చూసి, పుణ్యవతి దగ్గరగా వంగాడు.

“పుణ్యవతమ్మా, మరేటనుకోకు. ఈ మద్దెన కాళ్లు తిమ్మిర్లెక్కిపోతన్నాయి. నీ పేరు సెప్తే ఏటి సెప్పినా ప్రసూతి డాక్టరు దగ్గరికే తోలేస్తన్నాది. అక్కడ ఆడోల్ల మద్దెన కూకుని ఒచ్చేసినాను.” గొంతు ఇంకా తగ్గించాడు. “పాప పేరైతే కొత్తది గదా. ఒక్క జబ్బూ లేదు. యంత్రం బాగా నమ్ముతాది. ఏటి పేరెట్టినారు?”

ఝాన్సీ పుణ్యవతి వైపు చూసింది. పుణ్యవతి కార్డును మడిచి జాకెట్లో దోపుకుంది. బిడ్డను ఎత్తి, మొహం కనపడకుండా కొంగు కప్పి, గుండెకు ఆనించుకుంది.

“ఇంకా పెట్టలేదు సూర్నారాయణా,” అంది. “నీ పేరు సెప్పుకుందుగాని, పద. నానూ వస్తాను.”

ముప్పయ్యేళ్లలో ఆవిడ ఒకరికి పేరు ఇవ్వననడం అదే మొదటిసారి.